చట్టాన్ని మీరిన పోస్టు కనిపిస్తే ఎక్కడ, ఎలా రిపోర్ట్ చేయాలి

నాకు తెలిసిన ఒకావిడ ఫోటోను ఎవరో ఆవిడ ప్రొఫైల్‌లోంచి తీసి, "ఈమె అప్పు తీసుకుని ఎగ్గొట్టింది, జాగ్రత్త" అని రాసి ఒక పెద్ద గ్రూపులో పెట్టారు. ఆవిడ ఎవరి దగ్గరా పైసా అప్పు చేయలేదు. పోస్టు పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేసింది. బంధువులు, స్నేహితులు మరో నలభై మంది దాకా రిపోర్ట్ కొట్టారు. మర్నాడు అందరికీ ఒకటే జవాబు వచ్చింది: ఈ పోస్టు మా నియమాలకు విరుద్ధంగా లేదు. పోస్టు అక్కడే ఉంది, షేర్లు పెరుగుతున్నాయి, ఆవిడకు కంటి మీద కునుకు లేదు.

తర్వాత మేమిద్దరం కూర్చుని అదే కంపెనీ హెల్ప్ పేజీల్లో అడుగున ఎక్కడో ఉన్న ఇంకో ఫారాన్ని వెతికి పట్టుకున్నాం. పోస్టు లింకు, అందులోని అబద్ధపు వాక్యం, అది అబద్ధమని చెప్పే ఆధారం, ఏ చట్టం ప్రకారం తప్పు అన్నది, ఈ నాలుగూ రాసి పంపాం. ఐదో రోజుకి పోస్టు పోయింది. నలభై మంది నొక్కిన బటన్ చేయలేని పని ఆ ఒక్క ఫారం చేసింది. ఆ తేడా ఎందుకు వచ్చిందో అర్థమైతే మిగతా పనంతా తేలిక. అందుకే ముందు అది చెప్పి, తర్వాత వరుసగా ఏం చేయాలో చెబుతాను.

రెండు దారులు ఉన్నాయి, వేరువేరు

మూడు చుక్కలు నొక్కి చేసే రిపోర్ట్ వెళ్లేది కంపెనీ సొంత నియమాలు చూసేవాళ్ల దగ్గరికి. వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ఇది మా కమ్యూనిటీ గైడ్‌లైన్స్‌ని దాటిందా? దాటిందంటే పోస్టును ప్రపంచమంతటా తీసేస్తారు. దాటలేదంటే అక్కడితో ఆగిపోతుంది. మీ దేశ చట్టం ఏం చెబుతుందో ఆ దారిలో సాధారణంగా ఎవరూ చూడరు. ఆవిడ అప్పు ఎగ్గొట్టిందో లేదో కంపెనీకి తెలియదు. తిట్టు లేదు, బెదిరింపు లేదు, అసభ్యం లేదు కాబట్టి వాళ్ల లెక్కలో ఆ పోస్టు మామూలు పోస్టే.

రెండో దారి చట్టపరమైన తొలగింపు అభ్యర్థన. పెద్ద కంపెనీలన్నిటికీ ఇందుకు వేరే ఫారం ఉంటుంది. హెల్ప్ సెంటర్ సెర్చ్‌లో లీగల్ రిమూవల్, డిఫమేషన్, లోకల్ లా లాంటి మాటలు కొడితే దొరుకుతుంది. యూరప్‌లో ఉన్నవాళ్లకైతే చాలా యాప్‌లలో రిపోర్ట్ మెనూలోనే చట్టవిరుద్ధమైన కంటెంట్ అని వేరే ఆప్షన్ కనిపిస్తుంది. ఈ దారిలో వచ్చిన ఫిర్యాదును కూడా చాలా కంపెనీలు ముందు తమ నియమాలతోనే సరిచూస్తాయి. వాటికి తగలకపోతే, అప్పుడు చట్టం సంగతి చూస్తాయి. చట్టాన్ని మీరిందని ఒప్పుకుంటే చాలాసార్లు పోస్టును ఆ ఒక్క దేశంలో కనిపించకుండా ఆపుతాయి. మిగతా చోట్ల అది అలాగే ఉంటుంది.

ఒక్క దేశంలోనే ఆపడం ఏమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. దీని వెనక పాత గొడవే ఉంది. 2000లో పారిస్‌లోని ఒక కోర్టు, యాహూ వేలం పేజీల్లో అమ్ముతున్న నాజీ వస్తువులు ఫ్రాన్స్‌లోని వారికి కనిపించకుండా చేయాలని ఆదేశించింది. ఫ్రాన్స్‌లో అది నేరం, యాహూ సొంత దేశం అమెరికాలో కాదు. 2012 జనవరిలో ట్విట్టర్, పోస్టును ఒక్క దేశం వరకే ఆపే పద్ధతి తెస్తున్నామని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో జర్మనీలో నిషేధించిన ఒక నవనాజీ ముఠా అకౌంట్‌పై మొదటిసారి దాన్ని వాడింది. ఇప్పుడు దాదాపు పెద్ద కంపెనీలన్నీ ఇలాగే చేస్తున్నాయి. అందుకే మీ ఫిర్యాదు గెలిచాక కూడా వేరే దేశంలో ఉన్న మీ అన్నయ్య "నాకు ఇంకా కనిపిస్తోందే" అనవచ్చు. అది మీ ఫిర్యాదులో లోపం కాదు.

కాబట్టి రెండు దారుల్లోనూ వెళ్లండి. ముందు యాప్‌లో మామూలు రిపోర్ట్ చేయండి, ఒక నిమిషం పని. వెంటనే చట్టపరమైన ఫారం కూడా నింపండి. మొదటిదాని జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే

ఫలానా చోట, ఫలానా సమయానికి దాడి చేస్తామని రాసినా, ఎవరైనా చనిపోతున్నానని పోస్టు పెట్టినా, పిల్లల్ని ఎవరో హింసిస్తున్నట్టు లైవ్ వీడియో వస్తున్నా ఫారాలు పక్కన పెట్టండి. ముందు పోలీసులకు ఫోన్ చేయండి. ఆ మనిషి మీకు తెలిసినవారైతే వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా చేయండి. కంపెనీకి రిపోర్ట్ చేయడం ఆ తర్వాతి పని.

రిపోర్ట్ కంటే ముందు సాక్ష్యం

నేను చూసిన తప్పుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. కోపంలో రిపోర్ట్ కొడతారు, పోస్టు పోతుంది, హమ్మయ్య అనుకుంటారు. వారానికి అదే మనిషి ఇంకో అకౌంట్ నుంచి మళ్లీ మొదలుపెడతాడు. పోలీసు స్టేషన్‌కి వెళ్తే మొదటి ప్రశ్న "పోస్టు ఏదీ?" అని. చేతిలో ఏమీ ఉండదు.

అందుకే రిపోర్ట్ బటన్ నొక్కే ముందు పది నిమిషాలు తీసుకోండి.

మొదట లింకు కాపీ చేయండి. ప్రొఫైల్ లింకు వేరు, పోస్టు లింకు వేరు, కామెంట్ లింకు వేరు. ప్రొఫైల్‌లో వందల పోస్టులు ఉంటాయి కాబట్టి దాని లింకు ఒక్కటే పంపితే చూసేవాళ్లు ఏ పోస్టో తెలియక ఫైలు మూసేస్తారు. షేర్ గుర్తు నొక్కితే కాపీ లింక్ అని వస్తుంది. ఫేస్‌బుక్‌లోనైతే పోస్టు మీదా కామెంట్ మీదా కనిపించే సమయాన్ని నొక్కితే దాని సొంత లింకు తెరుచుకుంటుంది. వీడియో అయితే తప్పు మాట ఎన్నో నిమిషం, ఎన్నో సెకనులో వచ్చిందో రాసుకోండి. గంటన్నర వీడియో మొత్తం మీ కోసం ఎవరూ కూర్చుని చూడరు.

తర్వాత స్క్రీన్‌షాట్. అకౌంట్ పేరు, తేదీ, పోస్టు పూర్తి పాఠం ఒకే చిత్రంలో కనిపించాలి. కంప్యూటర్‌లో తీస్తే పైన అడ్రస్ బార్ కూడా పడేలా తీయండి. "రెండు గంటల క్రితం" అని మాత్రమే కనిపిస్తుంటే అసలు తేదీ, సమయం మీరే పక్కన రాసి పెట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ లాంటివి 24 గంటల్లో మాయమవుతాయి, వాటికి స్క్రీన్ రికార్డింగ్ మేలు: ప్రొఫైల్ తెరిచిన దగ్గర్నుంచి పోస్టు చూపించేదాకా ఆపకుండా రికార్డ్ చేయండి. అసలు ఫైలును కత్తిరించకండి, దాని మీద ఎర్ర గీతలు గీయకండి. గీసి చూపించాలంటే కాపీ మీద గీయండి. దాచుకోవడానికి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం సరిపోదు, అక్కడ ఫోటో నాణ్యత తగ్గిపోతుంది. ఈమెయిల్‌లోనో, క్లౌడ్‌లోనో అసలు ఫైలు ఉంచండి.

అకౌంట్ పేరుతో పాటు యూజర్‌నేమ్ కూడా రాసుకోండి. పైకి కనిపించే పేరు నిమిషంలో మార్చేయవచ్చు. యూజర్‌నేమ్ కూడా మారుతుంది గానీ అంత తరచుగా మారదు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పిల్లల లైంగిక చిత్రాలు, వీడియోలు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీయకండి, డౌన్‌లోడ్ చేయకండి, "చూడండి ఎంత ఘోరమో" అని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. చాలా దేశాల్లో అలాంటి చిత్రం దగ్గర ఉంచుకోవడమే నేరం, పంపడం ఇంకా పెద్ద నేరం. మంచి ఉద్దేశంతో చేశానన్నది అన్ని చోట్లా అడ్డుపడి కాపాడదు. పైగా ప్రతి కాపీ ఆ బిడ్డకు మళ్లీ జరిగిన హాని. లింకు, అకౌంట్ పేరు, సమయం మాత్రం రాసుకుని పోలీసులకు గానీ, మీ దేశంలోని హాట్‌లైన్‌కి గానీ చెప్పండి. 1999లో మొదలైన ఇన్‌హోప్ అనే సంస్థ చాలా దేశాల హాట్‌లైన్లను కలిపి నడుపుతోంది, దాని వెబ్‌సైటులో దేశాల వారీగా ఏది ఎక్కడుందో చూడవచ్చు. అమెరికాలో సైబర్‌టిప్‌లైన్ ఈ పని చూస్తుంది.

ఇది నాకు నచ్చనిదా, చట్టం ఒప్పుకోనిదా?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. ఫారం నింపడం మొదలుపెట్టాక ఆగడం కష్టం.

మన నాయకుడిని విమర్శించారు, మన అభిమాన నటుడిని ఎగతాళి చేశారు, మన నమ్మకాన్ని ప్రశ్నించారు. వీటికి మనసు నొచ్చుకుంటుంది, నిజమే. అయినంత మాత్రాన అది చట్టాన్ని మీరినట్టు కాదు. నేను పెట్టుకున్న గీటురాయి ఇది: దీనివల్ల హాని జరిగే మనిషి ఎవరు, ఆ హాని ఏమిటి? ఈ రెండిటికీ ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలిగితే ముందుకు వెళ్తాను. "ఆమె ఇంటి చిరునామా పెట్టి దాడి చేయమన్నారు" అనేది జవాబు. "సమాజం చెడిపోతుంది" అనేది జవాబు కాదు. అధికారంలో ఉన్నవాళ్లను ప్రశ్నించే మాటల్ని నోరు మూయించడానికి కూడా ఈ ఫారాలు వాడుతున్నారు. మనం ఆ గుంపులో చేరకూడదు.

చట్టం కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. యూదుల ఊచకోత జరగనే లేదని రాయడం జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో నేరం. అమెరికాలో రాజ్యాంగం మొదటి సవరణ ఆ మాటను కూడా రక్షిస్తుంది. 1996 నాటి ఒక చట్టంలోని సెక్షన్ 230 ప్రకారం అక్కడ యూజర్ రాసిన పరువునష్టపు మాటకు వేదిక నడిపే కంపెనీ బాధ్యురాలు కాదు, కాబట్టి అక్కడ ఉన్నవాళ్లు ఆ దారిలో పంపిన ఫారానికి కంపెనీ కదలకపోవచ్చు. రాసిన మనిషి మీద కేసు వేసుకోవాల్సిందే. అదే కాపీరైట్ విషయంలో 1998 చట్టం ప్రకారం అమెరికాలోనూ కంపెనీలు వేగంగా కదులుతాయి.

కాబట్టి లోకల్ లా అన్నప్పుడు ఆ లోకల్ ఏ దేశం అన్నది తేల్చుకోండి. సాధారణంగా మీరు ఉంటున్న, మీకు హాని జరుగుతున్న దేశం. మీరు దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉంటే, మీ సొంత ఊరి చట్టం ఎత్తి రాసిన ఫారం తప్పు బల్ల మీదకి వెళ్తుంది. హాని రెండు చోట్లా జరుగుతుంటే, అక్కడ ఉన్న మీవాళ్ల చేత అక్కడి నుంచి వేరే ఫిర్యాదు పెట్టించండి.

చట్టం పేరు రాసేటప్పుడు అది బతికి ఉందో లేదో కూడా చూడండి. భారతదేశంలో, ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టం సెక్షన్ 66ఏ ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆ తర్వాత కూడా దాని కింద కేసులు పెడుతూ వచ్చారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. ఇప్పటికీ ఫిర్యాదుల్లో 66ఏ కనిపిస్తుంటుంది. అలాగే 2024 జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పరువునష్టం నేరం పాత 499 నుంచి కొత్త 356కి మారింది. సెక్షన్ నంబరు కచ్చితంగా తెలియకపోతే తప్పు నంబరు రాయకండి. "నా గురించి అబద్ధపు ఆరోపణ చేసి పరువు తీశారు, ఇది మా దేశ చట్టం ప్రకారం పరువునష్టం" అని మామూలు మాటల్లో రాసినా చాలు.

ఇంకో మాట. కొన్ని ఫిర్యాదులు బాధితులే పెట్టాలి. పరువునష్టం, ప్రైవసీ, కాపీరైట్ విషయాల్లో ఆ మనిషి గానీ, ఆ మనిషి అధికారం ఇచ్చిన వారు గానీ రాస్తేనే కంపెనీలు తీసుకుంటాయి. స్నేహితురాలి తరఫున మీరు పెట్టాలనుకుంటే ఆమె నుంచి ఒక అంగీకార లేఖ తీసుకోండి. హింసకు పిలుపు, పిల్లలపై నేరాలు, మోసం లాంటివి ఎవరైనా రిపోర్ట్ చేయవచ్చు.

ఫారంలో ఏం రాయాలి

చదివే మనిషి ముందు ఆ రోజు ఇలాంటివి ఇంకెన్నో ఉంటాయి. మీ బాధ మొత్తం వాళ్లకు చెప్పాలని మీకనిపిస్తుంది, అది సహజం. కానీ వాళ్లు వెతికేది నాలుగు విషయాలు. యూరప్‌లో 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ ఫిర్యాదులో ఏముండాలో రాసిపెట్టింది: ఇది ఎందుకు చట్టవిరుద్ధమో కారణాలతో వివరణ, కచ్చితమైన లింకు, ఫిర్యాదుదారు పేరు, ఈమెయిల్, ఇది నిజమని నమ్మి రాస్తున్నానన్న ప్రకటన. పిల్లల లైంగిక నేరాల విషయంలో పేరు ఇవ్వనక్కర్లేదు. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ కొలత పెట్టుకుని రాస్తే ఫిర్యాదు గట్టిగా నిలబడుతుంది.

మేం ఆ రోజు రాసింది సుమారుగా ఇలా ఉంది:

"ఈ లింకులోని పోస్టులో ఉన్న ఫోటో నాది. నా అనుమతి లేకుండా నా ప్రొఫైల్ నుంచి తీసుకున్నారు. పోస్టు రెండో వాక్యంలో 'ఈమె అప్పు తీసుకుని ఎగ్గొట్టింది' అని రాశారు. ఇది అబద్ధం. నేను ఈ వ్యక్తి దగ్గర గానీ, మరెవరి దగ్గర గానీ అప్పు తీసుకోలేదు. ఈ పోస్టు చూసి నా యజమాని నన్ను పిలిచి అడిగారు, ఆ ఈమెయిల్ జత చేస్తున్నాను. అబద్ధపు ఆరోపణతో నా పరువు తీయడం నేను నివసిస్తున్న దేశంలో చట్టవిరుద్ధం. ఈ పోస్టును, దాన్ని యథాతథంగా తిరిగి పెట్టిన కింది మూడు లింకులను తొలగించమని కోరుతున్నాను. పైన రాసినదంతా నాకు తెలిసినంతవరకు నిజం."

ఇందులో తిట్టు లేదు, "మీ కంపెనీ సిగ్గుపడాలి" అన్న మాట లేదు. తప్పు వాక్యాన్ని అక్షరం మార్చకుండా ఎత్తి రాశాం. తెలుగు పోస్టు అయితే ఆ వాక్యాన్ని తెలుగులో ఉన్నది ఉన్నట్టు రాసి, కింద ఇంగ్లీషులో అర్థం కూడా రాయండి. మన భాషలో యాసలో పెట్టిన బూతు, కులం పేరుతో తిట్టే తిట్టు వేరే భాషవాడికి మామూలు మాటలా కనిపిస్తుంది. మెషిన్ అనువాదంలో దాని విషమంతా పోతుంది. ఆ మాట ఎవరిని, ఎందుకు, ఎంత హీనంగా అంటారో ఒక్క వాక్యంలో చెప్పండి. తెలుగు పోస్టులపై రిపోర్టులు తిరస్కరణకు గురవడానికి పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం, అందుకే దీని మీద ఇంతగా చెబుతున్నాను.

"మోసగాడు" అన్నది అభిప్రాయంగా చూడవచ్చు, "ఫలానా నెలలో నా దగ్గర లక్ష తీసుకుని పారిపోయాడు" అన్నది వాస్తవంగా చెప్పిన మాట. పరువునష్టం ఫారాల్లో రెండో రకం మాటే నిలుస్తుంది. పోస్టులో అలాంటి వాక్యం ఉందా అని చూసి దాన్నే పట్టుకోండి.

అంతరంగిక ఫోటోలు బయటికి వస్తే

ఇక్కడ సమయం చాలా విలువైనది, సిగ్గుతో ఒక్క గంట కూడా పోగొట్టుకోకండి. తప్పు చేసింది మీరు కాదు.

మూడు పనులు ఒకేసారి చేయాలి. యాప్‌లో నగ్న చిత్రాలకు ఉన్న ప్రత్యేక ఆప్షన్ ద్వారా రిపోర్ట్ చేయండి, ఇది కంపెనీ నియమాల్లోనే ఉంటుంది కాబట్టి వేగంగా కదులుతుంది. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవను వాడండి. 2021 డిసెంబరులో మొదలైన ఈ సేవ మీ ఫోటోను ఎక్కడికీ పంపదు. మీ ఫోన్‌లోనే ఆ ఫోటోకి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారుచేసి, ఆ కోడ్ మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, రెడిట్ లాంటి వాటికి ఇస్తుంది. అదే ఫోటో అక్కడ ఎక్కిస్తే పట్టుకుంటారు. ఫోటో ఇంకా బయటికి రాలేదు, బెదిరిస్తున్నారంతే అన్నా ముందుగానే వాడవచ్చు. అది 18 దాటినవారికి. ఫోటో తీసినప్పుడు 18 నిండనివారికి టేక్ ఇట్ డౌన్ అనే వేరే సేవ ఉంది. మూడోది పోలీసు ఫిర్యాదు. బెదిరించేవాడికి డబ్బు ఇవ్వకండి, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు.

చట్టాలు కూడా ఈ విషయంలో గట్టిపడ్డాయి. అమెరికాలో 2025 మేలో వచ్చిన చట్టం ప్రకారం సరైన ఫిర్యాదు అందిన 48 గంటల్లో కంపెనీ తీసేయాలి, కృత్రిమ మేధతో తయారుచేసిన నకిలీ చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. భారతదేశపు 2021 ఐటీ నియమాలు కూడా మార్ఫింగ్ చేసిన చిత్రాలను ఇందులోనే కలిపాయి, బాధితురాలి తరఫున ఇంకొకరు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్ భద్రత చూసే ప్రభుత్వ అధికారి, ఈసేఫ్టీ కమిషనర్‌కి నేరుగా చెప్పవచ్చు.

మెసేజింగ్ యాప్‌ల సంగతి

వాట్సాప్‌లో మెసేజ్‌లు కంపెనీకి కూడా కనిపించవు. మీరు ఒక మనిషినో గ్రూపునో రిపోర్ట్ చేస్తే వాళ్లు మీకు పంపిన చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి. అందుకే తప్పు మెసేజ్ వచ్చిన వెంటనే చేయాలి, లేకపోతే ఆ తర్వాత వచ్చిన గుడ్‌మార్నింగ్‌లు వెళ్తాయి. రిపోర్ట్ చేసేటప్పుడు చాట్ డిలీట్ చేయాలా అని అడిగితే వద్దనండి, సాక్ష్యం పోతుంది. ఆ ఒక్క మెసేజ్‌ను నొక్కి పట్టుకుని రిపోర్ట్ చేసే వీలు కూడా ఉంది.

నా పేరు వాళ్లకు తెలుస్తుందా?

అందరికీ ఉండే టెన్షన్ ఇదే. మామూలు రిపోర్ట్‌లో పోస్టు పెట్టినవారికి మీ పేరు చెప్పరు. కానీ కాపీరైట్ ఫిర్యాదులో మీ పేరు, ఈమెయిల్ అవతలివారికి వెళ్లవచ్చు, దానికి వేరే ఈమెయిల్ పెట్టుకోవడం మంచిది. చట్టపరమైన ఫారాల్లో ఏం పంచుకుంటారో ఫారంలోనే రాసి ఉంటుంది, చదవండి. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా గూగుల్, తొలగింపు అభ్యర్థనల కాపీలను లూమెన్ అనే బహిరంగ పరిశోధనా సంగ్రహానికి ఇస్తాయి. అందుకని ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఆధార్ లాంటి వివరాలు వివరణ రాసే పెట్టెలో రాయకండి. పేరు చెప్పకపోయినా, విషయాన్ని బట్టి ఎవరు పెట్టారో అవతలివాడు ఊహించగలడు. వాడు ప్రమాదకరమైన మనిషైతే రిపోర్ట్ చేసే ముందే ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

చేయకూడనివి

పది మందిని పోగేసి రిపోర్ట్ కొట్టించడం. లెక్క పెరిగితే పోస్టు పోతుందన్నది అపోహ. ఒక్క సరైన రిపోర్ట్ చాలు. పైగా లింకు పది మందికి పంపితే పోస్టుకు మీరే ప్రచారం చేసినట్టు.

త్వరగా తీస్తారని కాపీరైట్ కానిదాన్ని కాపీరైట్ అని రాయడం ఇంకా ప్రమాదం. అమెరికా చట్టంలో తెలిసి అబద్ధపు కాపీరైట్ ఫిర్యాదు చేసినవారు నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. యూరప్ చట్టంలో ఆధారం లేని ఫిర్యాదులు పదేపదే పంపేవారి ఫిర్యాదులు చూడటాన్నే కొంతకాలం ఆపేయవచ్చు.

పోస్టు కింద కామెంట్లలో వాదించడం కూడా వద్దు. ప్రతి కామెంట్ దాన్ని ఇంకొందరి ముందుకు తోస్తుంది.

జవాబు వచ్చాక, రాకపోయాక

ఫారం పంపగానే వచ్చే నంబరును తేదీతో సహా దాచుకోండి. తర్వాత ఎక్కడికి వెళ్లినా అదే అడుగుతారు.

తిరస్కరిస్తే చాలామంది అక్కడే వదిలేస్తారు. వదలకండి, రెండో మెట్టు ఉంది. యూరప్‌లో కంపెనీ నిర్ణయంపై ఆరు నెలలలోపు ఆ కంపెనీలోనే అప్పీలు చేయవచ్చు, అది కూడా తేలకపోతే కోర్టు బయట వివాదాలు పరిష్కరించే గుర్తింపు పొందిన సంస్థల దగ్గరికి వెళ్లవచ్చు. భారతదేశంలో ఫిర్యాదులు చూసే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయాలి, ఫిర్యాదు అందిందని ఆయన మీకు 24 గంటల్లో చెప్పాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు ప్రభుత్వం 2023లో ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేయవచ్చు, వకీలు అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో పెద్దవాళ్లపై ఆన్‌లైన్ వేధింపు అయితే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి, వాళ్లు కదలకపోతే ఈసేఫ్టీ దగ్గరికి వెళ్లాలి.

రెండోసారి రాసేటప్పుడు మొదటి ఫారాన్నే మళ్లీ అతికించకండి. వాళ్లు ఎందుకు కాదన్నారో చదివి, ఆ ఒక్క విషయానికి జవాబు రాయండి. "వ్యక్తిని గుర్తించలేకపోయాం" అంటే, ఫోటో మీదేనని చూపించండి. "ఇది అభిప్రాయం" అంటే, వాస్తవంగా చెప్పిన వాక్యాన్ని వేలుపెట్టి చూపించండి.

అదీ కుదరకపోతే కోర్టు. భారత సుప్రీంకోర్టు 2015 తీర్పులోనే ఒక మాట చెప్పింది: కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటిఫికేషనో వచ్చినప్పుడే కంపెనీ తప్పనిసరిగా తీసేయాలి, ప్రతి ప్రైవేటు ఫిర్యాదుకూ తానే న్యాయమూర్తి అయి తేల్చనక్కర్లేదు. కంపెనీలు కొన్నిసార్లు కోర్టు ఆర్డరు తెమ్మనడానికి కారణం అది. ఆర్డరు వస్తే అదే చట్టపరమైన ఫారంలో జతచేసి మళ్లీ పంపాలి.

పోస్టు పోయాక ఒక వారం పాటు రోజుకోసారి మీ పేరుతో, ఆ పోస్టులోని ఒక వాక్యంతో సెర్చ్ చేసి చూడండి. కాపీలు కనిపిస్తే పాత ఫిర్యాదు నంబరు పెట్టి కొత్త లింకులు పంపండి. మేం ఆ పని చేసినప్పుడు ఆవిడ ఫోటో ఇంకో రెండు గ్రూపుల్లో దొరికింది. ఈసారి ఫారం నింపడానికి పావుగంట పట్టింది, ఆ రెండు పోస్టులూ మూడు రోజుల్లో పోయాయి. ఆ స్క్రీన్‌షాట్లు, నంబర్లు ఉన్న ఫోల్డర్ ఆవిడ ఇప్పటికీ తీసేయలేదు.